సేఠ్ కారులో మధ్యాహ్నాలు

"అన్నా, నేనే" అని ఒక్క మాట అంటే తీరిపోయేదానికి రాజమల్లు ఎందుకు నోరు విప్పలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్లో ఒక సేఠ్ మగ్గాల కార్ఖానాలో అతనిది పగటి పాళీ. దగ్గర్లోని ఉన్ బస్తీలో ఎనిమిది మందికి ఒకే గది. నలుగురు పనికి పోతే నలుగురు పడుకునేవారు. లాక్‌డౌన్‌లో రెండు పాళీలూ ఒక్కసారే గదిలో పడ్డాయి. కాలు చాపే జాగా లేదు.

కార్ఖానా వెనకే సేఠ్ ఇల్లు. ముందు కొత్త కారు, కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచేది. డ్రైవర్ కమలాకర్‌ది రాజమల్లు పక్కూరే. ఆ రోజుల్లో జీతం ఆగనిది అతనొక్కడికే.

"రోజూ అచ్చి జర దుమ్ము తుడువు మల్లూ. బువ్వ నేను పెడ్త" అని తాళంచెవి ఇచ్చాడు.

తుడిచాక రాజమల్లు లోపల కూర్చునేవాడు. బ్రేకు తొక్కితే బండి కదులుతుందేమోనని భయం. తొక్కకుండా బటన్ నొక్కితే పాటలొచ్చేవి, ఫ్యాను తిరిగేది. సీటు వాల్చుకుని ఎన్నో మధ్యాహ్నాలు ఒళ్లు మరిచి నిద్రపోయాడు.

మే నెలలో ఒకనాడు సేఠ్ తల్లికి ఊపిరి అందలేదు. కమలాకర్ ఉరికొచ్చి ఎన్నిసార్లు బటన్ నొక్కినా కారులో దీపమైనా వెలగలేదు. వాలివున్న సీటును చూశాడు. దాన్ని నిటారుగా లేపాడు.

"కిస్‌నే హాథ్ లగాయా?" కారును ఎవరు ముట్టుకున్నారని సేఠ్ అరిచాడు.

రాజమల్లు తుడుపుగుడ్డతో అక్కడే నిలబడి ఉన్నాడు.

"కోయీ నహీ సేఠ్, మేరీ గల్తీ" అని తప్పు తన మీద వేసుకున్నాడు కమలాకర్.

టెంపో బ్యాటరీకి వైర్లు తగిలించి కారు లేపేసరికి అరగంట పోయింది. ముసలమ్మ బతికింది. కమలాకర్ నౌకరీ పోయింది. సేఠ్ అతనికిచ్చిన గది కూడా మర్నాటికల్లా ఖాళీ చెయ్యమన్నారు.

ఆ సాయంత్రం కూడా అతను పళ్లెం తెచ్చి రాజమల్లు ముందు పెట్టాడు.

"పెద్ద బ్యాటరీ నిండుగనే ఉండె. పాటలకు, ఫ్యానుకు గీ చిన్నదే పండుకుంది. గిది లేకుంటే గదాన్ని లేపెటోడు లేడు" అని నవ్వాడు. "గన్ని దినాలు సేఠ్ లెక్క పండుకుంటివి, మొఖం గట్ల మాడ్చినవేందిరా? తిను."

రాజమల్లు ముద్ద కలిపి మళ్లీ పళ్లెంలోనే వదిలేశాడు. చెప్పడానికి ఇంక ఏమీ మిగలలేదు, అంతా కమలాకర్‌కు తెలుసు. అదే రాజమల్లును ఎక్కువ కాల్చింది.

తెల్లారి రాజమల్లు ఊరికి పోయే వలస కూలీల రైలుకు సంచీ సర్దుకున్నాడు. వెళ్లేదారిలో కమలాకర్ గది తలుపు తెరిచే ఉంది. అతను అటు తిరిగి, కూనిరాగం తీస్తూ సామాను మూట కడుతున్నాడు. రాజమల్లు గుమ్మం దాకా వెళ్లాడు. చప్పుడు కాకుండా వెనక్కి అడుగేసి, రోడ్డు మీదికి వచ్చి, స్టేషన్ వైపు గబగబా నడిచాడు.