ఓబులమ్మత్త చూసిన ఇండ్లు

తొలకరికి మిద్దె మీది చౌడుమట్టి తడిసిన వాసన వస్తే నాకు ఓబులమ్మత్త మీద బెంగ పుడుతుంది. మార్కాపురంలో ఇప్పుడు మట్టిమిద్దెలు ఎక్కువ లేవు. నిన్న సాయంత్రం ఎదురింటి పాత మిద్దె నుంచి ఆ వాసన రాగానే చేతిలో పని వదిలేసి గుమ్మంలో నిలబడిపోయాను.

ఆమె నాకు చుట్టమేమీ కాదు. వీధి వీధంతా అత్తా అనే పిలిచేది. మార్కాపురం ఇంకా మద్రాసు రాష్ట్రం కింద, కర్నూలు జిల్లాలో ఉన్న రోజులవి. కచేరీలో బంట్రోతుగా చేసిన భర్త పోయాక ఆమె ఒంటరిగా బాడుగింట్లో ఉండేది. నా భర్త కూడా పోయాడు. మా నాయన నాకున్న ఒక్క చేనూ అమ్మిపెట్టి, "ఊర్లో ఇల్లు కొనుక్కో తల్లీ. బాడుగొస్తే నువ్వూ నీ బిడ్డా బతుకుతారు" అన్నాడు. ఆ ఇల్లు పుచ్చుదైతే మా ఇద్దరికీ కూడు లేనట్టే. అందుకే అత్తను వెంటబెట్టుకుని పోయాను.

మొదటి ఇల్లు సున్నం కొట్టి పెళ్ళికూతురులా ఉంది. "ఏటేటా మిద్దెకు కొత్త చౌడు పోసినాం. మూరెడు మందముంది, చుక్క కారదు" అన్నాడు మధ్యవర్తి. మా వైపు మిద్దెకు అంతకంటే పొగడ్త లేదు. నేను మురిసిపోయాను. అత్త మాత్రం తిన్నగా వంటింట్లోకి పోయి, అక్కడ బాడుగకుంటున్న అమ్మాయి పక్కన చతికిలబడి మంచినీళ్ళడిగింది.

"నడిమింటి తలుపు ఎండాకాలం గూడా ఇట్లనే పట్టేస్తాదా పాపా?"

"రెండేండ్లసంది అంతే అత్తా."

అత్త లేచి, నడిమింట్లో ఆ అమ్మాయి బిడ్డ ఉయ్యాల వేలాడుతున్న దూలం వైపు చూసింది. "పాత చౌడు గీకకుండా కొత్తది పోస్తా పోయినారు. బరువుకు దూలం వంగి తలుపు మీద కూర్చుంది. నువ్వు ఉయ్యాల తీసి వసారాలో కట్టుకో."

మధ్యవర్తి మండిపడ్డాడు. "సొంతిల్లు లేనిదానివి, నీకేం తెలుసు ఇండ్ల సంగతి?"

"సొంతిల్లున్నోడు ఒక్క ఇల్లు చూస్తాడు నాయనా. నేను పదకొండు ఇండ్లలో పొయ్యి రాజేసినా" అని నవ్వింది అత్త. సొంతిల్లు లేనిదానివన్న మాట ఆమెకు ఎంత గుచ్చుకుని ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు. ఆ వానాకాలంలోనే ఆ నడిమిల్లు కూలింది. ఉయ్యాల వసారాలో ఉండబట్టి పసిబిడ్డ దక్కింది.

తర్వాత అత్త సరేనన్న చిన్న ఇల్లే కొన్నాను. గోడలు పెచ్చులూడినా దూలాలు ఉక్కు. నా కూతురి చదువు, పెళ్ళి ఆ బాడుగతోనే గడిచాయి. ఇల్లు కొన్న రోజున అత్త వెనకగదిలో చాలాసేపు నిలబడింది. కిటికీ తీసి, మూసి, గోడ తడిమి, "గాలి బాగుంది పాపా. మంచం ఈ మూలకేస్తే ఎండ తగలదు. ముసిలిదానికి ఇంతకంటే ఏం కావాల?" అంది.

అదీ ఇంటిని పరీక్షించడమే అనుకున్నాను, మొద్దుని. వారం తిరక్కుండా ఆ గది ఒక బడి అయ్యవారికి బాడుగకిచ్చేశాను. అత్త కంభం పోయి ఇంకో బాడుగిల్లు చూసుకుంది. మరుసటేడు అక్కడే, పన్నెండో బాడుగింట్లో కన్నుమూసింది.

ఇప్పటికీ ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు ఏ గదిలో ఎక్కువసేపు నిలబడతారో కనిపెడుతుంటాను. నిలబడితే, "ఉంటారా?" అని నేనే నోరు తెరిచి అడుగుతాను. అత్తను ఆ ఒక్క మాట అడగలేదు.