గొర్రెలు మేపుతాండా సార్

వికలాంగుల పింఛన్లకు మళ్లీ పరీక్షలు చేస్తున్నారని తెలిశాక, జనం ఆరోగ్యం మీద పరిశోధన చేసే నేను ఊరుకోగలనా? డాక్టరు గదిలో ఓ మూల కూర్చునేందుకు అనుమతి తెచ్చుకుని, ముందు రాత్రి ప్రొద్దుటూరులోనే ఉండి, ఉదయం ఏడుంపావుకు అక్కడ జమ్మలమడుగు పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఇటు వచ్చేవారు ఎనిమిదిలోపే బయల్దేరడం మేలు. ఆ తర్వాత సీటు మాట దేవుడెరుగు.

పక్క సీట్లో లక్షుమ్మ, ఆమె భర్త ఓబులేసు. మాట కలిపితే తెలిసింది, వాళ్లూ ఆ పరీక్షకే వస్తున్నారు. పోలియోతో ఓబులేసు కుడికాలు చిన్నప్పుడే సన్నబడిపోయింది.

“ఈసారి శాతం తగ్గిస్తే పింఛను పోతాదంట మేడం. మాకు అదే దిక్కు,” అంది లక్షుమ్మ.

లోపల నేనూ ఉంటానంటే ఇద్దరూ సరేనన్నారు. అనుమతి ఇస్తూ నాకు పెట్టిన షరతు ఒకటే, చూడాలి గాని నోరెత్తకూడదు.

జమ్మలమడుగులో దిగి, ఆసుపత్రి ఎదుట ఉగ్గాని, బజ్జీ తిని మూడు గంటలు కూర్చున్నాం. పదకొండున్నరకు పిలుపొచ్చింది. డాక్టరు మా కోస్తా వైపు మనిషే.

“ఏం పని చేస్తుంటారు?”

“గొర్రెలు మేపుతాండా సార్.”

ఆయన కలం ఆగింది. “రోజంతా వాటి వెనక నడుస్తారా?”

“మేపుకోకుంటే ఎట్ల సార్?”

పింఛను పోయినట్టే అనుకున్నాను. అంతలో లక్షుమ్మ ముందుకొచ్చింది.

“ఈయప్ప యాడ మేపుతాడు సార్! మా మరిది తోలుకపోతాడు. మా గొర్రెలోళ్ల ఇండ్లల్లో మంచంలో ఉండేటోడు గూడా అట్లే అంటాడు. పని జెయ్యనని చెప్పుకోవాలంటే నామోషీ!”

డాక్టరు నవ్వేశాడు. ఓబులేసును నాలుగడుగులు నడిపించి, కాలు కొలిచాడు. “పాత శాతమే రాస్తున్నానమ్మా. భయపడకండి.”

బస్టాండులో లక్షుమ్మ నన్ను ఆటపట్టించింది. “ఏంది మేడం, మాకంటే మీరే శానా బిగుసుకోని కూసున్నారు!” నిజమే. వాళ్లను ప్రొద్దుటూరు బస్సెక్కించాకే నాకు ఆకలి తెలిసింది.

అన్నం తిని, రెండుంపావుకు నా అద్దెగది ఉన్న పులివెందులకు బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది. ముద్దనూరు దాటాక హాయిగా నోట్‌బుక్కు తెరిచాను.

పులివెందుల చుట్టుపక్కల గొర్రెల కాపరుల ఇళ్లలో నేనడిగిన మొదటి ప్రశ్నా డాక్టరు అడిగిందే, ‘ఏం పని చేస్తుంటారు?’ అని. ప్రతి పేజీలోనూ ‘గొర్రెలు మేపుతారు’ అని నా చేతిరాతే. వాళ్లలో ఎవరు నడవగలరో ఒక్క ఇంట్లోనూ అడగలేదు. రేపు మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. నా నోట్‌బుక్కు చూసి ఎవరి పింఛనూ ఆపరు, బతికిపోయాను.