ఒకరా, ఇద్దరా

మందమర్రి మార్కెట్లో బట్టల దుకాణం మీది అంతస్తులో జమున పని. కంప్యూటర్ తెర మీద ఇంటర్నెట్‌లోని రెండు పేజీలు పక్కపక్కన వస్తాయి. రెండింటిలో ఉన్నది ఒకే మనిషా, వేరే మనుషులా అని ఆమె నొక్కాలి. అట్లా నొక్కినవి చూసి, ఎవరి సంగతి ఎవరిదో తనంతట తానే చదివి కూడబెట్టుకోవడం యంత్రం నేర్చుకుంటుందట. సాయంత్రానికి జమునకు కళ్లు మండుతాయి, మెడ తిప్పరాదు.

ఈ మధ్య ఆమె జవాబులు తప్పు పడుతున్నాయి. పని చూసే ప్రవళిక కరీంనగర్ పిల్ల, వయసులో చిన్నది. పొద్దున జమునను పక్కన కూర్చోబెట్టుకుని ఒక తప్పు చూపించింది. ఒక పేజీలో గనిలో రిటైరైన రాజలింగు. ఇంకో పేజీలో ఊరి బడికి గేటు చేయించిన కొమురెల్లి. ఊరు ఒకటే, భార్య పేరు ఒకటే. జమున ఒకే మనిషి అని నొక్కింది.

"పేర్లే కలుస్తలేవు గదక్కా," అంది ప్రవళిక.

జమునకు అందులో వింత కనబడలేదు. ఆమె ఉండే బొగ్గుగని కార్మికుల కాలనీలో చాలామందికి ఇంట్లో ఒక పేరు, గనిలో ఒక పేరు. ఆ కాలంలో కొలువు వచ్చినవాడు కిందికి దిగడానికి భయపడితే, అతని పేరు మీద ఇంకొకరు దిగేవారు. ఆమె బాపు కైలాసం, తన పెద్దబాపు కొడుకు పోశం పేరు మీదే గనిలో చేరి, ఆ పేరుతోనే రిటైరయ్యాడు. అసలు పోశం ఊళ్లో చనిపోతే వెళ్లి వచ్చి, "నా సావుకు నేనే పోయొచ్చిన బిడ్డా," అని నవ్వాడు.

ఇదంతా ప్రవళిక ఓపిగ్గా విన్నది. ఇక్కడ నిజమే కావచ్చు, కానీ పేర్లు కలవకున్నా కలపమని నేర్పితే యంత్రం ఎక్కడో ఎవరి కేసు ఎవరి మెడకు చుడుతుందో అంది.

"పేజీల రాసున్నదే చూడాలె అక్కా. నీకు తెల్సింది గాదు."

ఇంకొక్క తప్పు పడితే పనిలోంచి తీసేస్తామని పైవాళ్లు అన్నారని కూడా చెప్పింది, తల వంచుకుని. బాపు పింఛను ఆయన దమ్ము జబ్బు మందులకే చాలదు. ఇల్లు జమున జీతం మీద నడుస్తుంది.

మధ్యాహ్నం ఒక జత వచ్చింది. ఎడమవైపు రిటైరైన కార్మికులకు సన్మానం: పోశం, భార్య లింగవ్వ. లింగవ్వ జమున అమ్మ పేరు. కుడివైపు మంథని పక్కన జమునవాళ్ల సొంతూరి పేజీ. బొడ్రాయి పండుగకు అన్నం పెట్టించిన దంపతులు కైలాసం, లింగవ్వ. ఫొటోలు లేవు. జమున లేచి నీళ్లు తాగి వచ్చి, మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈయనే ఆయన అని ఎక్కడా రాసి లేదు.

వేరే మనుషులు అని నొక్కింది. ఆకుపచ్చ టిక్కు పడింది. తర్వాతి జత వచ్చింది.

ఇంటికి పోయేసరికి బాపు వాకిట్లో మంచం మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. రోజూ అడిగేదే అడిగాడు.

"ఇయ్యాల తప్పు పడ్డదా?"

"పడలే బాపు."

"ఇగ ఫికర్ లేదు," అంటూ ఆమెకు జాగా ఇచ్చి పక్కకు జరిగాడు. జమున చెప్పులు విప్పకుండానే కూర్చుంది. దారిన పోతున్న పాత గని మనిషి ఒకతను సైకిల్ ఆపకుండానే, "పోశమన్నా, మంచిగున్నవా," అన్నాడు. బాపు చెయ్యెత్తాడు.