గాలిని నీళ్లలో కలిపిన లెక్క

గోదావరిలో చేపపిల్లలు తగ్గాయని మత్స్యకారుల తరఫున అర్జీ రాసింది నేనే. రేపు పది గంటలకు అధికారుల ముందు రుజువు పెట్టాలి. అందుకే ఈ రోజు పొద్దున తెప్ప వెనక సన్నకంతల వల కట్టి లాగాం. వల మూతిలో నీటికి తిరుగుతూ అంకెలు చూపే చిన్న చక్రం ఉంటుంది. లాగకముందు, లాగాక దాని అంకెల తేడాను బట్టి వలలోంచి ఎంత నీరు పోయిందో తెలుస్తుంది. అంత నీటికి పిల్లలు బాగా తక్కువే తేలాయి. గెలిచామనుకున్నాను.

సాయంత్రం తెప్ప నడిపిన మల్లేశం కాక అడిగాడు.

"మొదటి నంబరు ఎప్పుడు రాసినవ్ బిడ్డా?"

"ఇంటికాడ్నే, బయలెల్లంగ."

"బండి మీద ఆ చక్రం నేనే పట్టుకొస్తి గద. తొవ్వంత గాలికి ఫ్యాను లెక్క తిరిగింది. గాలిని గూడ నీళ్లల్ల కలుపుతవా?"

"అప్పుడే చెప్పొద్దా కాకా!" అని అరిచాను.

"చెప్పనిస్తివా? ఇంటికాడి నుంచి ఒడ్డు దాకా ఉపన్యాసమే ఇస్తివి."

లేని నీరు లెక్కలో చేరి, పిల్లలు తక్కువగా కనిపించాయన్నమాట. ఆ తప్పు మాకే లాభం, ఎవరూ పట్టుకోలేరు. అయినా తెల్లారగానే మళ్లీ వల వేస్తున్నాం. ఈసారి పిల్లలు ఎక్కువ తేలితే కాకవాళ్ల అర్జీ వీగిపోవచ్చు. మీరైతే పొద్దుటి లెక్కే ఇచ్చేవారా? నిజం చెప్పండి, నేనైతే గంటసేపు ఆలోచించాను.