గుసగుసల మావయ్య

మావయ్య గుసగుసగా తప్ప మాట్లాడడు. చేపల చెరువులు తవ్వించాక పట్టుకున్న జబ్బు అది అని మేనకోడలు అనుకునేది.

"గట్టిగా మాట్లాడితే చేపలు బెంగపెట్టుకుంటాయి. బెంగపడ్డ చేప మేత ముట్టదు" అనేవాడు, పక్కింటి గుట్టు చెబుతున్నట్టు.

మేత లారీ హారన్ కొట్టకూడదు. డ్రైవరే దిగి, మునివేళ్ల మీద నడిచొచ్చి, మావయ్య చెవిలో "పాం పాం" అనేవాడు. భోజనాల దగ్గర కూడా మావయ్య ఉప్పు గుసగుసగానే అడిగేవాడు.

"ఇంట్లో ఏం చేపలున్నాయండీ?" అని అత్తయ్య విసుక్కునేది.

"కూరలో ఉన్నాయి."

నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు మాత్రం పిండిమరల్లా మోగుతుండేవి. అదేమిటని అడిగితే, "అది వాటికి ఊపిరి. మన వాగుడు వాటికెందుకు?" అనేవాడు. ఇంకో రెండింతలు చేపపిల్లల్ని వదలమని ఒక దళారీ వచ్చాడు. "కిక్కిరిసిన బస్సులో బతుకంతా నిలబడతావా నువ్వు?" అని మావయ్య గుసగుసలాడాడు. గుసగుసగా బేరమాడటం చేతకాక దళారీ వెళ్లిపోయాడు.

మేనకోడలు చేపల పెంపకమే చదివింది. కానీ నత్తి వల్ల ఇంటర్వ్యూల్లో తన పేరు దగ్గరే ఆగిపోయేది. మావయ్య పిలిచి నీళ్ల పరీక్షలన్నీ ఆమెకే అప్పజెప్పాడు. ఇక్కడ మాట తడబడేది కాదు. చెరువు గాలి తన ఒంటికి పడిందనుకుంది.

బాధ్యతగా పెంచిన చేపలకు ఇచ్చే ముద్ర కోసం తనిఖీ వచ్చింది. నీళ్లు చూసే మనిషే జవాబులు చెప్పాలి. ముద్ర రాకపోతే పెద్ద దుకాణం వాళ్లు చేపలు కొనరు. ఆమె పొద్దుటి నుంచీ జవాబులు వల్లెవేసుకుంటోంది.

అధికారిది నగారా గొంతు. "చెరువు నీళ్లు ఎక్కడికి వదులుతారు?" అనేసరికి గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

మావయ్య పెదాల మీద వేలుపెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, చేపలండీ."

పాపం, అధికారి ముడుచుకుపోయి గుసగుసగా అడిగాడు. ఆమె గుసగుసగా చెప్పింది: నీళ్లు ముందు రెల్లు పెంచిన కుంటలోకి వెళ్తాయి, తేటపడ్డాకే కాలువలోకి వదులుతాం, మందులు కలపం. ఒక్క మాటా తడబడలేదు.

"దొంగతనానికి పథకం వేస్తున్నట్టున్నారు ఇద్దరూ" అని అత్తయ్య నవ్వింది.

ముద్ర వచ్చింది. ఆ సాయంత్రం, మర్చిపోయిన నీళ్ల పరీక్ష మీటరు కోసం మేనకోడలు వెనక్కి వెళ్లింది. గట్టు మీద మావయ్య ఒంటరిగా మేత చల్లుతూ గొంతెత్తి పాడుతున్నాడు. చేపలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆయన కాళ్ల దగ్గరికే వస్తున్నాయి. ఆమె అక్కడే నిలబడిపోయింది.

"నువ్వొచ్చేదాకా రోజూ ఇదే గోల" అంది వెనక నుంచి అత్తయ్య. "చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఆయన చెవిలో గుసగుసలాడేదానివి కదా, అప్పుడు నీకు నత్తి వచ్చేది కాదట. అది గుర్తుపెట్టుకుని మా అందరి నోళ్లూ కట్టేశాడు."

మేనకోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది. గొంతెత్తి పిలిచింది.

"మా... మా... మావయ్యా, శ్రుతి పోయింది."

మావయ్య ఉలిక్కిపడి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. చేపలు మేత మానలేదు. ఆయన వేలు మెల్లగా దించేశాడు.

"ఏం పోలేదు. నీకే సంగీతం తెలీదు" అన్నాడు, ఊరంతా వినబడేలా.