ఫ్లారెన్స్‌కి వాలుగ దవడ

పొందూరులో దాలమ్మ ఇంటికి వెళ్ళినవాళ్ళకి మొదట కనిపించేది రాట్నం. రెండోసారి వెళితే పత్తి చూపిస్తుంది. వాలుగ చేప దవడ చూడాలంటే మాత్రం నాలుగైదుసార్లు వెళ్ళాలి. అదీ చేతులు ఒళ్ళో పెట్టుకుని దూరంగా కూర్చుంటేనే.

దవడలో రహస్యమేమీ లేదు. ఆ ఊళ్ళో సన్ననూలు వడికే ఏ ఇంట్లోనైనా ఒకటి ఉంటుంది. గింజ తీయని పత్తిని ఆ చేప పళ్ళతో దువ్వితే చెత్త రాలిపోయి, పోగులన్నీ ఒకే వాటంగా తిరుగుతాయి. అయితే దాలమ్మది వాళ్ళ అత్తగారు వాడిన దవడ. ఇద్దరి చేతుల్లో అరిగి అరిగి, పోగు తెంపకుండా దువ్వడం దానికదే నేర్చుకున్నట్టుంటుంది. కొత్త దవడ పట్టుకుంటే దాలమ్మ నూలు కూడా అందరి నూలే.

అలాంటివి ఒకప్పుడు రెండుండేవి. ఆరేళ్ళ కిందట ఎక్కడినుంచో ఒకాయన వచ్చి, నూలు మెచ్చుకుని, ఫోటో తీయించి సాయంత్రానికి తెచ్చిస్తానని ఒకటి పట్టుకెళ్ళాడు. ఆ సాయంత్రం ఇంకా రాలేదు.

"కళ్ళజోడెట్టుకున్నాడు గదా, అబద్దమాడడనుకున్నాను," అంటుంది దాలమ్మ. అప్పటినుంచి ఆవిడ మెచ్చుకునేవాళ్ళని నమ్మడం మానేసింది.

1968లో, మాఘమాసంలో, ఆవిడకి ఇటలీ దేశంనుంచి ఉత్తరం వచ్చింది. అంతకు ముందటేడు ఒక దొరసాని పొందూరు వచ్చి రెండు రోజులు ఈవిడ అరుగుమీద కూర్చుని వెళ్ళింది. ఆమెది ఫ్లారెన్స్ అనే పాత పట్నం. అక్కడ బట్టల ప్రదర్శనశాలలో ఉద్యోగం. ఆశ్వయుజంలో చేతిపనులవాళ్ళని పిలుస్తున్నాము, మీరు వచ్చి పదిరోజులుండి నూలు వడికి చూపాలి, రానూపోనూ ఖర్చంతా మాదే, ఊరంతా తిప్పి చూపిస్తాము అని ఇంగ్లీషులో రాసింది. చదివి చెప్పింది రిటైరయిన హెడ్మాస్టరు నారాయణమూర్తి పంతులుగారు.

"కర్సు ఆలదేనా?" అంది దాలమ్మ.

"వాళ్ళదే."

"ఎందుకట?"

"నీ పని గొప్పదని."

దాలమ్మ రాట్నం ఆపేసింది. "ఇంకేటి రాసింది?"

పంతులుగారు కాగితం తిప్పారు. "వచ్చేటప్పుడు నీ వాలుగ దవడ తప్పకుండా తెచ్చుకోమంది. దీని కింద ఎర్రసిరాతో గీత కూడా గీసింది."

"ఏదీ, ఆ గీత సూపండి."

చదువు రాని దాలమ్మ ఆ గీతని మాత్రం చాలాసేపు చదివింది.

ఉత్తరంతోపాటు ఊరు చూపించే కార్యక్రమం ఒకటి వేరే కాగితంమీద ఉంది. అది వినడానికి పక్కింటి తవిటమ్మ కూడా వచ్చి కూర్చుంది. మొదటి రోజు పొద్దున్న పెద్ద గుడి, శిఖరం దాకా నాలుగువందల అరవైమూడు మెట్లు. మధ్యాహ్నం పాత చిత్రపటాలున్న బొమ్మల మేడ. సాయంత్రం ఏటిమీద పాత వంతెన, దానిమీద రెండువైపులా బంగారం కొట్లు. రెండో రోజు మరి మూడు గుళ్ళు.

"ఏటిమీద బంగారం కొట్టెట్టినోడు బుద్దిమంతుడేటి?" అంది దాలమ్మ. "ఆ ఏరు పొంగదా?"

"రెండేళ్ళ కిందట పొంగి సగం ఊరు ముంచేసిందట. పేపర్లో చదివాను," అన్నారు పంతులుగారు, అబద్ధం చెప్పలేక.

"సూసినావా తవిటీ. ఆ ఏటి ఒడ్డుకి నన్ను తీసుకెల్తారట, సాయంత్రంపూట."

"నీ మెళ్ళో ఏటున్నాదని ఆలు నిన్ను ముంచుతారే?" అంది తవిటమ్మ. "మా ఆయన నన్ను శ్రీకూర్మం తీసుకెల్లడానికే మూడేళ్ళు పట్టినాది. నిన్ను ఇమానంలో పిలస్తంటే బేరాలా?"

"అదేనే నాననేది. శ్రీకూర్మం ఒక్క గుడి సూడాలంటే మనకి పొద్దంతా పడతాది. ఈలు రోజుకి మూడు సూపుతారట. ఇలగ నన్ను తిప్పతంటే నానొడికేది ఎప్పుడు? నాను మెట్లెక్కతన్నప్పుడు దవడ కాడ ఎవులుంటారు?"

నిజానికి ఆ కార్యక్రమంలో రాట్నానికి దొరికింది పూటకో గంట. దాలమ్మ లెక్క ప్రకారం ఈ గుళ్ళూ మేడలూ వంతెనలూ అన్నీ ఆవిణ్ణి గదిలోంచి బయటికి పంపడానికే. దవడ బల్లమీద ఉంటుంది, మనిషి శిఖరంమీద ఉంటుంది. ఆరేళ్ళ కిందటివాడికి ఒక సాయంత్రం చాలింది. వీళ్ళు పదిరోజులు అడుగుతున్నారు.

కోడలు గౌరికి మాత్రం అత్త వెళితే బాగుండునని ఉంది.

"ఎల్లు అత్తా. అంత బయవైతే దవడ ఇంటికాడొగ్గీసి ఎల్లు. నాను సూసుకుంటాను."

"ఏటి సూసుకుంటావు?" అంది దాలమ్మ, మెల్లిగా. ఆ రాత్రినుంచి దవడ ఉన్న గుడ్డమూట ఆవిడ తలకింద చేరింది. గౌరి ఆ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళు. ఇంతవరకు దాన్ని పట్టుకోనివ్వలేదు.

అలాగని దాలమ్మ రానని చెప్పలేదు. వెళ్ళాలని లేకపోతే ఒక్క మాటతో పోయేది. పత్తి ఏకుతూ ఏకుతూ ఉన్నట్టుండి, "ఆ గుడి శికరంమీంచి సూస్తే ఊరంతా అగుపిస్తాదేటి పంతులుగోరు?" అని అడిగేది. ఆయన అవునంటే, "అగుపిస్తే ఏటిలే," అనేది.

పదిహేను రోజులయ్యాక జవాబు రాయమంది. ఎప్పటిదో నోట్లో ఉన్నట్టు గడగడా చెప్పింది.

"నానొస్తే పొద్దున్నపూట కదలను, ఒడుకుతాను. దవడ నా చేతిలోంచి ఎవులూ తీసుకోకూడదు. పోటోలో నా చెయ్యి కూడా పడాల. రోజుకి ఒక్కటే సూస్తాను. బొమ్మల మేడ నాకొద్దు. ఆ ఊళ్ళో నేతోలున్నారా? ఉంటే ఆల ఇంటికి తీసుకెల్లాల. ఆల పనెలగుంటాదో సూసి అప్పుడు సెప్తాను మనుషులెలాటోలో."

పంతులుగారు కాస్త మెత్తగా రాయబోయారు. "నానన్నట్టే రాయండి," అంది. రాసింది మళ్ళీ తెలుగులో చెప్పించుకుని విన్నాకే వేలిముద్ర వేసింది.

జవాబు రావడానికి నెల పైన పట్టింది. ఈలోగా తవిటమ్మ వీధిలో కనబడ్డవాళ్ళందరికీ, దాలమ్మ పెట్టిన షరతులకి ఇటలీవాళ్ళు కచేరీ పెట్టుకుని ఉంటారని చెప్పింది. దాలమ్మ నవ్వలేదు. పోస్టు వచ్చే వేళకి మాత్రం రాట్నం గుమ్మందగ్గరికి జరుపుకునేది.

ఉత్తరం వచ్చిన రోజు పంతులుగారు అరుగెక్కకుండానే చదవడం మొదలుపెట్టారు. షరతులన్నీ ఒప్పుకుంది దొరసాని. ఎర్రగీత ఎందుకంటే, ముందటేడు ఒక పనివాడు తన పనిముట్టు మరిచిపోయి వచ్చి పదిరోజులు ఊరికే కూర్చున్నాడట. నేతవాళ్ళున్నారు. పట్టు నేసే ఇల్లు ఒకటి ఏటికి అవతల ఉంది, పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే. దాలమ్మ వస్తే పక్కన కూర్చోబెట్టుకుంటామన్నారు.

"అయితే ఒక్క విషయానికి క్షమించమంది," అన్నారు పంతులుగారు. "పడుగు తీసే గది ఒకటుందట అక్కడ. దాంట్లోకి బయటివాళ్ళని రానివ్వరట. నిన్ను కూడా రానిచ్చేది లేదన్నారట. ఈ దొరసానిది అదే ఊరు, పన్నెండేళ్ళనుంచి అడుగుతోందట. తలుపు తీయలేదు."

దాలమ్మ చేతిలో ఏకు ఆగింది. "ఆ గదిలో ఏటున్నాదట?"

"రాయలేదు."

"ఎలగ రాస్తాది. ఆవిడికే సూపలేదు గదా." ఏకు పక్కన పెట్టి, "ముసిలోలేనా ఆలు?" అంది.

"నీ ఈడువాళ్ళేనట."

"తలుపుకి తాళవేస్తారట?"

"వేస్తారట."

దాలమ్మ మొహంలో, ఆరేళ్ళుగా ఎవరూ చూడనిదొకటి కనిపించింది. సొంతూరిమనిషి పరాయిదేశంలో ఎదురైనట్టుగా ఉంది ఆవిడ వాలకం.

"దాసుకునే బుద్దుందంటే ఆలకి పని తెలిసినట్టే పంతులుగోరు. అన్నీ సూపిస్తామన్నోల్ని నాను నమ్మను. ఎల్తాను. పాసుపోర్టు కాయితాలేవో తెప్పించండి."

"దవడ?" అంది గౌరి గుమ్మంలోంచి.

"నాతోనే వస్తాది. ఆలకి సూపిస్తాను. ఆ గది తలుపు తీస్తే." గౌరి మొహం చూసి, మూట విప్పింది. "ఎల్లీలోగా నువ్వూ నేర్సుకో. ఇలా రా. నా ఎదుటే ఏకాల. మూలకి పట్టుకెల్లకు."

తొమ్మిదేళ్ళకి గౌరి చేతికి ఆ దవడ వచ్చింది. దాలమ్మ చూపు మాత్రం దానిమీదనుంచి కదల్లేదు.

మర్నాటికల్లా సొంత ఖాదీతో సంచి కుట్టి, దవడని అందులో పెట్టి నడుముకి కట్టుకుంది. మెట్లెక్కేటప్పుడు పళ్ళు గుచ్చుకుంటాయేమో చూడాలని, అటక నిచ్చెన ఎక్కడం దిగడం మొదలుపెట్టింది. నిచ్చెనకి తొమ్మిదే మెట్లు. తవిటమ్మ వచ్చి నిలబడి లెక్కపెట్టింది. పంతులుగారు పాసుపోర్టు కాగితాలతో వచ్చేసరికి దాలమ్మ అయిదోసారి పైన ఉంది.

"గుచ్చుకుంటోందా?" అన్నారాయన.

"లేదు. ఇంకెన్నున్నాయి?"

"నాలుగువందల పద్దెనిమిది."

"ఎక్కుతాను," అంది దాలమ్మ, అటకమీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ. "మీరు ముందు ఉత్తరం రాయండి బాబూ. శికరంమీదకి నాతోటి ఎవులొస్తారో కనుక్కోండి. ఎవులైనా సరే, సంచి ఎనకాల కాదు, నాకు ముందు ఎక్కాల."