జర్నల్ మూలలకు ఎక్కిన ఎరుపు

2023 ఫిబ్రవరి. గుంటూరులో ఒక జిరాక్సు షాపు పైగదిలో ఆదివారాలు లెటరింగ్ క్లాసు నడుపుతున్నాను. లెటరింగ్ అంటే అక్షరాన్ని బొమ్మలాగా గీయడం. అంతకుముందు చాలా ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేశాను. రిటైరయ్యాక చేతులు ఊరుకోక ఈ పని పెట్టుకున్నాను. వచ్చేవాళ్లు ఎక్కువగా ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు, కొత్తగా పెళ్లయినవాళ్లు. అందరిదీ ఒకటే సరదా, జర్నల్. డైరీకీ జర్నల్‌కీ తేడా ఏమిటని నన్ను చాలామంది అడుగుతుంటారు. డైరీలో జరిగింది రాసుకుంటారు. జర్నల్‌లో ఆ జరిగినదానికి ముస్తాబు కూడా చేస్తారు. తేదీకి ఒక నీడ, శీర్షికకి రెండు రంగులు, పేజీ అంచున ఒక తీగ.

ఈ ముస్తాబులన్నీ పిల్లలు ఫోన్లలో చూసి పట్టుకొచ్చేవే. ఇంగ్లీషు అక్షరాల కోసం పుట్టినవే. బ్రష్ పెన్ అని ఒకటుంది, దాని మొన కుంచెలా వంగుతుంది. కిందికి లాగేటప్పుడు నొక్కితే గీత లావుగా వస్తుంది, అది డౌన్‌స్ట్రోక్. పైకి పోయేటప్పుడు తేలిగ్గా పట్టుకుంటే సన్నగా వస్తుంది, అది అప్‌స్ట్రోక్. ఇంగ్లీషులో నిలువు గీతలున్నాయి కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. తెలుగు అక్షరం గుండ్రం, చుట్టూ తిరిగి రావాలి. అందుకని "తెలుగు జర్నల్‌కి సెట్ కాదు మేడం" అని తీర్పు చెప్పేసేవాళ్లు. ఒక్క అక్షరమైనా వేసి చూడకుండా ఇచ్చిన తీర్పు! నాకు ఒళ్లు మండేది. సున్న గీసేటప్పుడు రెండు పక్కలా నొక్కి, పైనా కిందా చెయ్యి తేలిక చేస్తే చాలు, తెలుగు అక్షరం కడుపు నిండినట్టు నిగనిగలాడుతుంది. తలకట్టు మాత్రం ఆఖర్న, ఒకే విసురులో పెట్టాలి. భయపడుతూ పెట్టిన తలకట్టు దూరంనుంచే తెలిసిపోతుంది.

మా నాన్న చిన్నప్పటినుంచీ నన్ను హేతువాదుల చర్చా సభలకు వెంటబెట్టుకుని తిరిగాడు. ఎవరేమన్నా "రుజువేది?" అని అడగడం అక్కడ అబ్బిన అలవాటు. పేరులో ఒక అక్షరం కలిపితే కలిసొస్తుందని, సంతకం కింద గీత గీస్తే ఉద్యోగం వస్తుందని నా క్లాసుకు వచ్చినవాళ్లున్నారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. అక్షరానికి ఒత్తిడి ఉంది, కోణం ఉంది, చుట్టూ ఖాళీ ఉంది. జాతకం లేదు.

ఆ బ్యాచిలో మౌనిక ఉండేది. పెదకాకాని అవతల ఒక పల్లెటూరి కోడలు. భర్త శ్రీను మిరప, పత్తి వేస్తాడు. ఈ పిల్ల పెళ్లికి ముందు గుంటూరులో ఒక మందుల షాపులో బిల్లింగ్ చేసేది. అప్పటికి ఏడో నెల. మొదటిసారి కడుపు నిలవలేదు. ఈసారి పుట్టబోయే బిడ్డ కోసం జర్నల్ మొదలుపెట్టింది. వారానికో పేజీ. "ఈ వారం నువ్వు తన్నావు", "ఈ వారం నాకు పచ్చిమామిడికాయ దొరికింది" అని శీర్షికలు. పెద్దయ్యాక బిడ్డ చదువుకోవాలట. "నేను నీకోసం ఎదురుచూశానని దానికి తెలియాలి మేడం" అనేది. చెయ్యి మంచిది. బ్యాచి మొత్తంలో ముందు మౌనికకే తలకట్టు పట్టుబడింది.

ఒక ఆదివారం రాలేదు. మర్నాడు పొద్దున ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"మేడం, నా పుస్తకానికి రక్తం వచ్చింది."

"ఏం వచ్చింది?"

"రక్తం మేడం. నాలుగు మూలలా. నిన్న పొద్దున లేచేసరికి ఎర్రగా ఉంది. ఎవరం ముట్టుకోలేదు. మా అత్తయ్య అంజనం చూసే ఆయనకి కబురు పెట్టింది. పుస్తకం కాలవలో కలిపేయాలంట. కాన్పు అయ్యేదాకా ఇంక కలం పట్టుకోకూడదంట. ఇవాళ మధ్యాహ్నం వస్తాడు."

"డాక్టరేమంది?"

"పోయిన వారం స్కానింగ్ చేసింది. గుండె చప్పుడు కూడా వినిపించింది. అంతా బాగుందంది." మళ్లీ తనే, "బాగుందనే కదా మేడం పోయినసారి కూడా అన్నారు" అంది.

"ఉండు, వస్తున్నాను" అన్నాను. ఆటో కట్టించుకుని బయల్దేరాను.

మిరప కోతలు జోరుగా ఉన్న రోజులు. రోడ్డుకి రెండు పక్కలా కళ్లాల నిండా కాయ ఆరబోసి ఉంది. ఆటోవాడూ నేనూ పోటీలు పడి తుమ్ముకుంటూ వెళ్లాం. ఊరు ఊరంతా ఎర్రటి దుప్పటి పరుచుకున్నట్టుంది. అంత ఎరుపు మధ్య ఒక పుస్తకం మూలలు ఎర్రబడ్డాయని ఒక ఇల్లు అన్నం మానేసి కూర్చుంది!

పుస్తకాన్ని ఇంట్లో ఉంచకూడదని వాకిట్లో ఖాళీ గోతాల మీద పెట్టారు. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అట్ట మీదా, లోపలి కాగితాల మీదా మూలలు మాత్రమే ఇటుకరంగు ఎరుపు. మౌనికని కూర్చోబెట్టి అడిగాను.

"మూలలకి పసుపు ఎవరు రాశారు?"

"అత్తయ్య. కొత్త పుస్తకం కదా మేడం. కొన్నరోజే రాసింది."

"శనివారం ఏం చేశావో వరసగా చెప్పు."

"సాయంత్రం ఇండియన్ ఇంకుతో పేజీ వేశాను. మీరు చెప్పినట్టే కుంచె బట్టల సోడా నీళ్లలో కడిగాను. గుడ్డతో తుడిచాను. మిరప దుమ్ము పడుతుందని ఆ గుడ్డే పుస్తకం మీద కప్పి పడుకున్నాను."

"గుడ్డ తడిగా ఉందా?"

"కొంచెం తడిగానే ఉంది."

ఇండియన్ ఇంకు ఎండితే నీళ్లకి వదలదు, కుంచె వెంట్రుకలు కట్టెలై కూర్చుంటాయి. అందుకే సోడా నీళ్లు వాడమని క్లాసులో చెబుతాను. ఆ సోడా తడి పసుపుకి తగిలింది. తెల్లారేసరికి గుడ్డ ఆరిపోయింది, ఎరుపు మిగిలింది. ఇందులో చిక్కు లేదు. లేచి నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. పసుపు ఒక రంగు పదార్థం, దానికి క్షారం తగిలితే...

మౌనిక అత్తగారు సుబ్బాయమ్మ గడపలోంచే నన్ను ఆపేసింది. "పంతులమ్మగారూ, మీ సైన్సు మీ దగ్గర ఉంచుకోండి. ఆ పిల్ల పోయినసారి ఏడ్చిన ఏడుపు మీరు వినలేదు, నేను విన్నాను. పుస్తకం పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుంటుంది. బిడ్డని ఎక్కడ కొనమంటారు?"

సభల్లో నేను ఇలాంటివాళ్లని మూఢులని తిట్టేదాన్ని. ఆ గడపలో నిలబడ్డ మనిషి మూఢురాలిలా లేదు. కోడలికి అడ్డం నిలబడ్డ మనిషిలా ఉంది. చెప్పబోయింది నోట్లోనే ఆపుకున్నాను.

"మీరన్నది నిజమే సుబ్బాయమ్మగారూ. అమ్మాయి బెదిరిపోయింది. ముందు ఎర్రనీళ్లు కలిపి దిష్టి తీయండి" అన్నాను.

మౌనిక నోరు తెరిచింది. "మేడం! మీరేనా?"

"నేనే. ఇక్కడే, నా ఎదురుగా కలపమను."

సుబ్బాయమ్మకి నా మీద ఒక్కసారిగా గౌరవం పెరిగింది. పళ్లెం తెచ్చింది, నీళ్లు పోసింది, పసుపు వేసింది. తన వక్కాకుల డబ్బాలోంచి సున్నం గోటితో గీరి అందులో వేసి, వేలితో తిప్పింది. పచ్చటి నీళ్లు చూస్తుండగానే గిర్రున ఎర్రబడ్డాయి.

నేను గుండెల మీద చెయ్యేసుకున్నాను. "అయ్యయ్యో, రక్తం!"

"రక్తమేంటమ్మా, మీ చోద్యం కాకపోతే! పసుపులో సున్నం పడితే ఎర్రగా కాక నల్లగా..."

మాట అక్కడే ఆగిపోయింది. పళ్లెం వంక చూసింది. వాకిట్లో పుస్తకం వంక చూసింది. మళ్లీ పళ్లెం వంక చూసింది.

"దానికి సున్నం ఎవరు పెట్టారు?" అంది.

"సున్నం కాదు, బట్టల సోడా. సున్నానికి చెల్లెలు అనుకోండి. కుంచె దాంతో కడగమని చెప్పింది నేనే."

"అయితే నా కోడలి పుస్తకానికి రక్తం పెట్టింది మీరన్నమాట!"

వసారాలో మంచం మీదున్న శ్రీను ముందు నవ్వాడు. "ఏంటే అమ్మా, ఊళ్లో అందరి దిష్టీ తీస్తావు, నీ ఎర్రనీళ్లే నువ్వు పోల్చుకోలేకపోయావా?"

"నోర్మూసుకోరా! నువ్వు పోల్చావా? నిన్నటినుంచీ మంచం దిగలేదు!"

మౌనిక ఇంకా నవ్వలేదు. తను ప్రాక్టీసు చేసిన చిత్తుకాగితం ఒకటి తెచ్చుకుంది. మూలకి పసుపు రాసింది. సోడా నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, మూల మీద కప్పింది. కాసేపు ఓపికపట్టి గుడ్డ తీసింది. ఇటుకరంగు ఎరుపు. పుస్తకం పక్కన పెట్టి చూసుకుంది, రెండూ ఒకటే. ఇంకో మూల చేసింది. మూడోది కూడా చేసింది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు మొదలయ్యాక ఆపడం మా ఎవరివల్లా కాలేదు. కడుపు పట్టుకుని, "ఒరేయ్, తన్నకురా, నేనే నవ్వుతున్నాను" అని లోపలివాడికి సర్దిచెప్పింది.

నా బుర్రలో అప్పుడే ఒక దీపం వెలిగింది. ఒక మందపాటి కాగితం మొత్తానికి పసుపునీళ్లు పూయించి ఎండలో పెట్టాను. చిటికెలో ఆరింది. సున్నం నీళ్లలో కలిపి, పైకి తేరిన తేటలో కుంచె ముంచి మౌనిక చేతికిచ్చాను. చేతికి అంటకుండా పట్టుకోమని చెప్పాను, సున్నం చర్మాన్ని పొక్కిస్తుంది. కుంచెలో ఉన్నది నీళ్లలాగే ఉంటుంది, రంగు కనపడదు. కాగితాన్ని తాకిన చోటల్లా ఎర్రటి గీత పుడుతుంది. నొక్కితే లావు, తేలిక చేస్తే సన్నం. లేనిచోటునుంచి అక్షరం లేచొచ్చినట్టుంటుంది. ఇన్నేళ్లు కుంచె పట్టిన నాకే ఒళ్లు పులకరించింది.

"ఏం రాయను మేడం?"

"ఈ వారం ఏం జరిగింది?"

"భయపడ్డాను."

"రాయి."

"ఈ వారం అందరం భయపడ్డాం" అని రాసింది. తలకట్లన్నీ ఆఖర్న, టకటకా విసిరింది. ఒక్కటి కూడా వణకలేదు.

సుబ్బాయమ్మ కుంచె లాక్కుంది. "నా వంతు. నాకు అక్షరాలు రెండో మూడో వచ్చు, మిగతావి మీరు చెప్పండి." ముగ్గు కర్రలాగా పట్టుకుంది కుంచెని. కింద "తర్వాత నవ్వాం" అని రాయడానికి చాలాసేపు పట్టింది. గీత వంకర, లావు సన్నాలు ఎక్కడ పడితే అక్కడ. నేను దిద్దలేదు.

మధ్యాహ్నం అంజనం ఆయన వచ్చాడు, సంచీలో నిమ్మకాయలూ నల్లదారాలూ వేసుకుని. సుబ్బాయమ్మ గేటు దగ్గరే ఎదురెళ్లింది. ఒక చేతిలో పసుపు కాగితం, ఇంకో చేతిలో కుంచె.

"రాండి రాండి. శాంతి దేనికి చేస్తారు, పసుపుకా, సోడాకా?"

ఆయనకి అర్థం కాలేదు. ఈవిడ కుంచెతో సర్రున ఒక గీత గీసి చూపించింది. ఆయన ఆ ఎర్ర గీతనీ, వెనక పడీ పడీ నవ్వుతున్న మమ్మల్నీ చూసి, అత్యవసరంగా వేరే ఊరు వెళ్లాలన్నాడు. "ఎండలో వచ్చారు, మజ్జిగన్నా తాగి వెళ్లండి" అని పిలిచింది సుబ్బాయమ్మ. తాగి వెళ్లాడు.

ఈ పని చేసేవాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. ఆ ఎరుపు నిలవదు. గాలికీ వెలుతురుకీ కొద్దికొద్దిగా వెలిసి గోధుమరంగుకి దిగుతుంది. నిమ్మరసం పడితే అప్పటికప్పుడే పచ్చబడుతుంది. అందుకని మౌనిక ఆ కాగితాన్ని జర్నల్‌లో అంటించి, పక్క పేజీలో పాడవని ఇంకుతో దాని నకలు వేసుకుంది. జర్నల్ కాలవలో పడలేదు, నెలలు నిండేదాకా సాగింది. వేసవిలో ఆడపిల్ల పుట్టింది. కాన్పైన రోజు పేజీ చూశాను. బిడ్డ పాదం ముద్ర, చుట్టూ తీగ, పైన బరువూ టైమూ కొట్టొచ్చినట్టు లావు డౌన్‌స్ట్రోకుల్లో.

సభల్లో నేను గెలిచిన వాదనలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కదానివల్లనైనా ఒకరి భయం పోయిందని గట్టిగా చెప్పలేను. ఓడిపోయినవాడు నోరు మూసుకుని ఇంటికి వెళతాడు, భయం వాడితోపాటే వెళుతుంది. ఆ రోజు భయం పోవడానికి కారణం నా మాట కాదు. సుబ్బాయమ్మ వేలు పళ్లెంలో తిరిగింది, మౌనిక చెయ్యి మూడుసార్లు గుడ్డ కప్పింది. మూఢనమ్మకం మీద నా కోపం ఇసుమంత కూడా తగ్గలేదు, తగ్గించుకోను కూడా. అయితే మాట్లాడేముందు ఇప్పుడు ఎదుటివాళ్ల చేతిలో ఏదో ఒకటి పెడుతున్నాను.

బారసాల అయ్యాక ఆ వీధి ఆడవాళ్లు పిలిస్తే, వాళ్ల వసారాలోనే ఒక క్లాసు పెట్టాను. పసుపు కాగితాలు, సున్నపు తేట, అరువు కుంచెలు. ఒకావిడ కుంచె తాకించగానే ఎరుపు లేచేసరికి కెవ్వున అరిచి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒళ్లో మనవరాలిని వేసుకుని కూర్చున్న సుబ్బాయమ్మ అక్కడినుంచే గదిమింది.

"ముందు రెండు గీతలు గీసి చూడవే, తర్వాత తీరిగ్గా భయపడుదువుగాని!"